ఎడమ వంపు తెగని ముగ్గు

నా దగ్గర ఒక రూళ్ళ పుస్తకం ఉంది. ప్రతి పేజీకీ నడిమధ్య స్కేలు పెట్టి గీసిన నిలువు గీత ఉంటుంది. గీతకి ఎడమవైపు 'చూసింది', కుడివైపు 'అనుకున్నది'. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇలాంటి పుస్తకాలు ఎన్ని నింపానో లెక్క లేదు. రిటైరయ్యాక ఎవరూ అడక్కపోయినా మానలేదు. ఈ చివరి పుస్తకంలో ఒక పేజీ ఉంది. దాన్ని చించేద్దామని చాలాసార్లు అనుకున్నాను గానీ చేతులు రాలేదు.

నేను ఉక్కు ఫ్యాక్టరీ లేబులో కెమిస్టుగా పనిచేశాను. చేరిన కొత్తలో కొలిమి దగ్గర్నుంచి పోత ఇనుము ముక్కలు వచ్చేవి. మిషను పరీక్షకి పంపేముందు ముక్కని సుత్తితో విరిచి, విరిగిన చోట ఎలా ఉందో పుస్తకంలో రాయాలి. బూడిదరంగులో ఉంటే సిలికాన్ ఎక్కువనీ, తెల్లగా మెరిస్తే తక్కువనీ పాతవాళ్ళు చూడగానే చెప్పేసేవారు. ఒకరోజు ముక్క తెల్లగా విరిగింది. నేను గొప్పగా 'సిలికాన్ తక్కువ' అని రాసేశాను. మిషను చూస్తే సిలికాన్ మామూలుగానే ఉందంది. మా ఇన్‌చార్జి పెద్దాయన నన్ను పిలిచి ఆ ముక్క చేతిలో పెట్టాడు.

"ఏటి సూసినావు?"

"సిలికాన్ తక్కువండి."

"సిలికాన్ నీ కంటికి కనబడిందేటి? కనబడింది సెప్పు."

"తెల్లగా ఉందండి."

"అదీ. ఏడి ముక్కని గబుక్కున నీళ్ళలో పడేసినా తెల్లగానే ఇరుగుతాది. ఆ మాట నీకు తట్టనేదు. సూసింది ఒక పక్క రాయి, అనుకున్నది ఇంకో పక్క రాయి. రెండూ ఒకే గడిలో కలిపీకు."

ఆ రోజే గీత గీసుకున్నాను. ఆ గీతతో లేబులో నాకు మంచి పేరొచ్చింది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు నా టేబుల్ దగ్గరికి వచ్చి మాట్లాడాలంటే భయపడేవారు. ఎవడైనా 'ఇవాళ వర్షం పడేలా ఉంది సార్' అంటే 'మబ్బు చూశావా, వర్షం చూశావా' అని వాణ్ణి అక్కడే నిలబెట్టేవాణ్ణి. ఇబ్బందల్లా ఆ గీతని నేను ఇంటికి కూడా తెచ్చుకోవడం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి ఒక్కొక్కరికీ ఒక్కో కారణం చెప్పాను. అన్నీ కుడివైపు గడిలోవే.

సీతమ్మధారలో నేనుండేది మూడంతస్తుల పాత బిల్డింగు. కింద పళ్ళ డాక్టరు క్లినిక్కు, మధ్యలో పగలు మాత్రం నడిచే ట్యుటోరియల్, పైన ఎదురెదురు గుమ్మాలతో రెండు వాటాలు. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో ఒకాయన. లిఫ్టు లేదు, వాచ్‌మన్ లేడు. ఆదివారం వస్తే ఆ బిల్డింగు మొత్తానికి మేమిద్దరమే మనుషులం.

ఆయనది యారాడ. సముద్రంలో వేటకెళ్ళే కుటుంబం. తను మాత్రం చిన్న వయసులోనే పోర్టులో చేరి, పెద్ద ఓడల్ని లోపలికి లాక్కొచ్చే టగ్ బోటు మీద పనిచేసి రిటైరయ్యాడు. నాది బొబ్బిలి వైపు పల్లె, వరి పండించుకునే ఇల్లు. మా ఇద్దరికీ ఏ వరసా కలవదు. ఆ వాటాలో దిగిన మొదటిరోజే "బావా, మేకు కొట్టుకోవాల, సుత్తుంటే ఇయ్యి" అని తలుపు కొట్టాడు. అలా బావలమైపోయాం. నన్ను ఆ పిలుపుతో పిలిచిన మనిషి ఈ ఊళ్ళో ఇంకొకరు లేరు.

ఆయన భార్య ఉన్నన్నాళ్ళూ తెల్లారేసరికి వాళ్ళ గుమ్మంలో ముగ్గుండేది. పెద్ద ముగ్గేం కాదు, నాలుగు చుక్కలు, వాటిని చుట్టుకుంటూ వచ్చే ఒకటే గీత. ఆవిడ పోయిన కొన్నాళ్ళకి ఒకరోజు పాల ప్యాకెట్టు కోసం తలుపు తీసేసరికి ఆయనే నేల మీద గొంతుక్కూర్చుని ముగ్గేస్తున్నాడు. నాకు నవ్వాగలేదు.

"ఏం బావా, ముగ్గుల పోటీకి పేరిచ్చావా?"

"ఇస్తాను, నీకేటి? గుమ్మంలో ముగ్గు నేదంటే ఇంట్లో సావొచ్చిందనుకుంతారు. నాను బతికే ఉన్నాను గదా."

మా వైపు అంతే. ఇంట్లో మనిషి పోతే మైల తీరేదాకా గుమ్మంలో ముగ్గు పడదు. ముగ్గులేని గుమ్మం ముందునుంచి వెళ్ళేవాళ్ళు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

టగ్గు మీద తాడు మధ్య పడి ఆయన కుడిచేతి బొటనవేలు సగం పోయింది. అందుకని పిండిని మిగతా వేళ్ళ మధ్య పట్టుకుని వదిలేవాడు. ఎడమవైపు వంపు తిరిగే చోటికి వచ్చేసరికి ప్రతిరోజూ పిండి ఆగిపోయి గీతలో వేలెడు ఖాళీ మిగిలేది. నాలుగేళ్ళు చూశాను ఆ ఖాళీని. అదే ఆయన సంతకం.

సాయంత్రం అయిదింటికి డాబా మీద టీ. నేను ఫ్లాస్కూ రెండు గ్లాసులూ తెచ్చేవాణ్ణి, ఆయన పోర్టు నుంచి ఎగిరొచ్చి పిట్టగోడ మీద పేరుకున్న నల్లదుమ్ముని తువ్వాలుతో దులిపేవాడు. అక్కణ్ణుంచి రెండు బిల్డింగుల మధ్య చీలికలో ఓ ముక్క సముద్రం కనిపిస్తుంది. లోపలికి రమ్మని పిలుపు వచ్చేదాకా లంగరేసుకుని ఎదురుచూసే ఓడలు కనిపిస్తాయి.

"అదిగో, ఆ ఎర్రదాన్నిండా సరుకుంది" అనేవాడు.

"సరుకు కనబడుతోందా?"

"నీళ్ళలోకి ములిగుంది సూడు."

"ములగడం చూశావు, సరుకు అనుకున్నావు. అడుగున నీళ్ళు నింపుకుని కూడా ములుగుతాయి కదా ఓడలు."

"ఓర్నాయనో! నీళ్ళు నింపినది అంత లోతు ములగదు బావా. ఎన్నేళ్ళు ఈడ్సినాననుకున్నావు ఆటిని?"

చాలాసార్లు ఆయన మాటే నిజమయ్యుంటుంది. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఒప్పుకుంటే ఆ గొడవ ఆగిపోతుంది, గొడవ ఆగితే మేం మాట్లాడుకోవడానికి ఇంకేముంది? నిజం చెప్పాలంటే ఆ ఒక్క గంట కోసమే మిగతా రోజంతా గడిపేవాణ్ణి. ఆ మాట ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

ఒక సాయంత్రం ఆయన ఓడల జోలికి పోలేదు. భార్య పోయిన తిథి దగ్గరపడిందని నాకు తెలుసు. ఆవిడ మాట ఎత్తే అలవాటు లేనివాడు, గ్లాసు పిట్టగోడ మీద పెట్టి సముద్రంకేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"ఆ రోజు నాను యారాడ బయలెల్తుంటే తలుపు దగ్గరకొచ్చి నిలబడినాది బావా. ఎప్పుడూ అలగ నిలబడదు. ఆ మొకం సూడగానే నాకు తెలిసిపోనాది, ఇది మరి ఉండదని. తెలిసీ ఎలిపోనాను."

నాలో ఏ దెయ్యం దూరిందో. "అది నువ్వు చూసింది కాదు బావా," అన్నాను. "ఆవిడ తలుపు దగ్గర నిలబడడం చూశావు. తెలిసిపోవడం అనేది తర్వాత నువ్వు అతికించుకున్నది."

ఆయన తప్పేం లేదని చెప్పడానికే అన్నాను. తెలియదు కాబట్టే వెళ్ళావు, నీ మీద నేరం లేదు అని చెప్పాలి. ఆ మాట మాత్రం నోట్లోంచి రాలేదు. గడుల మాటే వచ్చింది. ఆయన నా మొహంలోకి చూశాడు.

"నీకు సూడ్డం వొచ్చు బావా. మనిసిని సూడ్డం రాదు."

తువ్వాలు భుజం మీద వేసుకుని మెట్లు దిగిపోయాడు. గ్లాసులో టీ సగం ఉండిపోయింది.

మర్నాడు గుమ్మంలో ముగ్గుంది. ఎడమ వంపు దగ్గర ఎప్పటిలాగే తెగింది. రోజూ పొద్దున్నే ఆయన నా ఫోనుకి పంపే పువ్వుల బొమ్మ రాలేదు. సాయంత్రం డాబా మీదికీ రాలేదు. కుడివైపు గడిలో 'కోపం' అని రాశాను. ఆయనే వస్తాడులే అనుకున్నాను. నేను అన్నదాంట్లో తప్పేముంది? సైన్సు ప్రకారం ఒక్క పొల్లు మాట లేదు.

నా తలుపుకీ ఆయన తలుపుకీ మధ్య ఏడడుగులు. ఆ రోజు సగందాకా నడిచి వెనక్కి వచ్చి, మొత్తం ఏడుంటాయని పుస్తకంలో రాసుకున్నాను.

రెండోరోజు ఇంట్లో ఉండబుద్ధి కాక పొద్దున్నే గాజువాక వెళ్ళాను. లేబులో నాతో పనిచేసినతను అక్కడ ఉంటాడు. వాళ్ళింట్లో భోంచేసి, సాయంత్రందాకా కూర్చుని, ఆయన మీద పితూరీలు చెప్పి వచ్చాను.

మూడోరోజు పొద్దున తలుపు తీసి ముగ్గు చూసి అలాగే నిలబడిపోయాను. ఎడమ వంపు తెగలేదు. గీత గుండ్రంగా తిరిగి వచ్చి మొదలుపెట్టిన చోటే కలిసింది. పిండి సన్నగా, సమంగా పడింది. లోపలికి వచ్చి అంతా ఎడమవైపు రాశాను. చాలా జాగ్రత్తగా రాశాను. కుడివైపు ఇలా రాశాను: 'చెయ్యి కుదిరింది. మనసు కుదుటపడింది. నేను లేకుండా బాగానే ఉన్నాడు.'

ఆ మూడో వాక్యం రాస్తుంటే ఏడుపొచ్చినంత పనైంది. ఈ వయసులో ఎదురింటివాడు మాట్లాడలేదని ఏడవడమేంటని నా మీద నాకే చిరాకేసింది. ఆ చిరాకంతా ఆయన మీదికి తిప్పి తలుపు గట్టిగా వేశాను. వినబడాలనే వేశాను.

అక్కణ్ణుంచి రోజూ అదే ముగ్గు, అదే తెగని గీత. గుమ్మం ముందు పడ్డ పేపరు కాసేపటికి మాయమయ్యేది. ఆయన చెప్పులు మాత్రం తలుపు పక్కన పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వారం తిరిగేసరికి వాటి మీద మన ఊరి నల్లదుమ్ము పల్చగా పరుచుకుంది. 'చెప్పుల మీద దుమ్ము' అని రాశాను. పక్కన, 'నాకు ఎదురుపడకూడదని ఇల్లు కదలడం లేదు.' ఎంత పొగరో చూడండి. ఎదుటిమనిషి చెప్పులు తొడుక్కోకపోవడానికి కూడా నేనే కారణం.

ఆయనింట్లో పనిచేసే అమ్మాయి పొద్దున్నే వచ్చిపోయేది. ఆయన్ని తాతా అనీ నన్ను బాబూ అనీ పిలిచేది. రెండు మూడుసార్లు నేను ముగ్గు చూస్తూ నిలబడ్డప్పుడు మెట్ల మీద ఆగి నా వంక చూసింది. ఏదో చెప్పబోయి మానేసినట్టుంది. తన తాత తరఫున జాలి పడుతోందనుకుని నేను లోపలికి వచ్చేశాను. నాకెవరి జాలీ అక్కర్లేదు.

సాయంత్రాలు డాబా మీదికి వెళ్తూనే ఉన్నాను. రెండు గ్లాసులూ తీసుకెళ్తూనే ఉన్నాను. పిట్టగోడ దులిపేవాళ్ళు లేక నా మోచేతులు నల్లగా అయ్యేవి. ఓడలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసేవాణ్ణి. వాటి గురించి అనుకోవడానికి ఏమీ తోచేది కాదు. కుడివైపు గడి ఖాళీగా ఉండిపోయేది. ఒకరోజు ఒక ఓడ బాగా లోతుగా మునిగి కనిపించింది. "నిండా సరుకే" అని పైకే అన్నాను. వినేవాడు లేడు.

పదమూడోరోజు గుమ్మంలో ముగ్గు లేదు.

నేల కడిగిన తడి కూడా లేదు. నిన్నటి పిండి చెరిగిపోయి అక్కడక్కడా మిగిలింది. నేను ఏం చేశానో చెబితే మీరు నమ్మరు. లోపలికి వచ్చి పుస్తకం తీశాను. 'ముగ్గు లేదు' అని ఎడమవైపు రాశాను. కుడివైపు, పిండి అయిపోయి ఉండొచ్చు, నిద్ర లేవకపోయి ఉండొచ్చు, ఊరెళ్ళి ఉండొచ్చు అని మూడు కారణాలు రాశాను. నాలుగోది ఉంది. చిన్నపిల్లలకి కూడా తెలిసిన నాలుగోది. అది రాయడానికి పెన్ను కదల్లేదు. పన్నెండు రోజులుగా ఎడాపెడా తీర్మానాలు చేసినవాణ్ణి, సరిగ్గా ఆ రోజే ఆధారాలు చాలవని కూర్చున్నాను.

తర్వాత లేచి ఆ ఏడడుగులూ నడిచాను. తలుపు కొట్టాను. "బావా" అని పిలిచాను. లోపల చప్పుడు లేదు. మా తలుపులకి తాళాలు లోపలికే ఉంటాయి, ఇంట్లో మనిషి ఉన్నదీ లేనిదీ బయటికి తెలియదు. మళ్ళీ కొట్టాను. ఎంతసేపు కొట్టానో, పనమ్మాయి మెట్లెక్కి వచ్చి నా వెనక నిలబడ్డదాకా ఆపలేదు. దాని కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"తాత నేడు బాబూ. నిన్న సాయంత్రం ఆస్పత్రిలో ఎలిపోనాడు. ఆల్లోలు యారాడ అట్టుకెలిపోనారు."

"ఏ ఆస్పత్రి?" అన్నాను. నేను అడిగింది అదీ.

అది మెట్ల మీద కూర్చుని చెప్పింది. పదకొండు రోజుల కిందట, నేను గాజువాకలో భోంచేస్తున్న మధ్యాహ్నం, ఆయనకి గుండెలో నొప్పి వచ్చింది. ఆయన ఫోను చేస్తే ఈ అమ్మాయే వచ్చి ఆటో పిలిచి తీసుకెళ్ళింది. చెప్పులు కూడా తొడుక్కోకుండా దిగాడట. శ్రీకాకుళం నుంచి కూతురు వచ్చి దగ్గర కూర్చుంది. గుండెకి ఆపరేషన్ చేశారు. మొదట్లో బాగానే మాట్లాడాడు. చివరి రెండు రోజులూ తెలివి లేదు. ఆ ఆస్పత్రి మా వీధి నుంచి ఆటోలో పావుగంట.

యారాడ వెళ్ళాను. కొండ ఎక్కి దిగేటప్పుడు సముద్రం ఎంతో దగ్గరగా, మొత్తంగా కనిపించింది. ఆయన అన్నగారింటి ముందు పడుకోబెట్టారు. సగం బొటనవేలు ఉన్న చెయ్యి గుండె మీద ఉంది. నేను చూసింది ఆ చేతినే. కూతురు నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఎందుకని నేను ఏమీ అనుకోదలుచుకోలేదు. పుస్తకం ఇంట్లోనే వదిలేసి వెళ్ళాను.

దినాలన్నీ అయ్యాక పనమ్మాయి తాళం తెచ్చి ఆయన వాటా కడగడానికి వచ్చింది. నా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వెళ్ళిపోతుందేమోనని భయమేసి అడిగేశాను.

"మనిషి లేని ఇంటికి అన్ని రోజులూ ముగ్గెందుకేశావమ్మా?"

"తాతే ఎయ్యమన్నాడు బాబూ. ముగ్గు మానీకే, మానేత్తే నాను సచ్చిపోనాననుకుంతాడు బావ, అన్నాడు."

"ఆస్పత్రిలో ఉన్నాడని నాకో మాట చెప్పకపోయావా?"

"సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. పిలిత్తే ఎవుడైనా వత్తాడు, ఆడు సూసి రావాల, అన్నాడు."

"ఏం చూసి?"

అది చీపురు గోడకి ఆనించి కిందకి వంగి, ఖాళీ నేల మీద వేలితో ఎడమ వంపు తిప్పి చూపించింది.

"తాతలాగ మజ్జిలో తెంపి ఎయ్యడం నాకూ వొచ్చు బాబూ. రోజూ సూత్తన్నదాన్నే గదా. అలగే ఏత్తానన్నాను. వద్దన్నాడు. నాలాగ ఎయ్యకే, ఏత్తే ఇంట్లోనే ఉన్నాననుకుంతాడు. నీలాగ ఎయ్యి. నా సెయ్యి కాదని మా బావ ఒక్క సూపులో పట్టేత్తాడు, అన్నాడు. మద్దేనం కేరేజీ అట్టుకెళ్ళినప్పుడల్లా అదే అడిగీవోడు, బావ ముగ్గు సూసినాడేటే అని. సూసినాడు తాతా, గుమ్మంలో సానాసేపు నిలబడి మరీ సూసినాడు, అనీదాన్ని. మరయితే ఈయాల వత్తాడు, అనీవోడు."

నేను లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చాను. మూడోరోజు పేజీ తీసి దాని చేతికిచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు, ఎవరో ఒకరికి చూపించాలనిపించింది. అది గుమ్మం వెలుగులో పెట్టుకుని పైనున్న తేదీ, ఎడమవైపు రాసింది కూడబలుక్కుంటూ చదివింది. ఎడమ వంపు తెగలేదు. గీత గుండ్రంగా తిరిగి కలిసింది. పిండి సన్నగా, సమంగా పడింది.

"ఇదేటి బాబూ," అంది తలెత్తి. "నానేసిన మొదటినాడే సూసీసినారు గదా."

"చూశానమ్మా," అన్నాను.